జనరల్ గ్రాంటు చరిత్రము

యుద్ధములలో జయించినవారి చరిత్రములకు లోకమున కొదువ లేదు. జయించిన పిమ్మట శత్రువును సోదరునివలె ఆదరించినవారు అరుదు. అట్టి ఆదరమువలన దుర్బలులకు కీడు మూడకుండ కావలి కాయవలెనని గ్రహించి, అందులకై తన అధికారమును వినియోగించినవారు మఱియు అరుదు. అమెరికా సంయుక్త రాష్ట్రములకు మొదట సేనానిగను, పిమ్మట అధ్యక్షుడుగను ఉండిన యూలిసిస్ గ్రాంటు ఈ రెండు కార్యములను తలపెట్టెను. మొదటిది సిద్ధించెను, రెండవది నడిమిలోనే చెడెను. మొదటిదానిని ఆయన దేశస్థులు వేనోళ్ల కొనియాడిరి. రెండవదానిని బహుకాలము మఱచియుండిరి. ఏల అట్లు సంభవించెనో విచారించుటకే మేమీ చరిత్రమును వ్రాయబూనితిమి.

గ్రాంటు 1822వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన ఒహైయో రాష్ట్రమందలి పాయింట్ ప్లెజెంట్ అను చిన్న గ్రామమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు హైరమ్ యూలిసిస్. తండ్రియగు జెస్సీ గ్రాంటు తోళ్లు పదునుచేయు వ్యాపారి, మాటకారి, బానిసత్వమును రోయువాడు. తల్లి హన్నా మితభాషిణి. కుమారునకు తల్లి స్వభావమే అబ్బెను. ఇతడు పెరిగినది అదే రాష్ట్రమందలి జార్జిటౌను అను ఊరు. తండ్రి కార్ఖానాలోని పచ్చితోళ్ల కంపును, నెత్తురును ఈ బాలుడు సహింపలేకపోయెను. ఆ రోత జీవితాంతమువరకును అతనిని విడువలేదు; నెత్తురు చాయ కానవచ్చు మాంసమును ఆయన ముట్టెడివాడు కాడు. గుఱ్ఱములయెడ మాత్రము అతనికి మిక్కిలి మక్కువ. ఎంతటి పొగరుబోతు గుఱ్ఱమైనను అతని చేతిలో సాధువగుచుండెను.

1839లో తండ్రి ఇతనిని వెస్ట్ పాయింటునందలి సైనిక విద్యాలయమునకు పంపెను. సిఫారసుచేసిన కాంగ్రెసు సభ్యుడు పొరపాటున యూలిసిస్ ఎస్. గ్రాంటు అని పేరు వ్రాసి పంపగా, అదియే స్థిరపడిపోయెను. 1843లో ముప్పదితొమ్మిదిమంది పట్టభద్రులలో ఇరువదియొకటవవాడుగా ఇతడు బయటపడెను. ఈ యువకుడు దేశమున కెల్ల సేనాధిపతి కాగలడని నాడు ఊహించినవారు లేరు.

1846లో మెక్సికోతో యుద్ధము సంభవించెను. సేనకు గ్రాసమును, బండ్లను, కంచరగాడిదలను సమకూర్చు ఉద్యోగము గ్రాంటుకు లభించినది. ఇది కీర్తి తెచ్చు పని కాదు. కాని సైన్యము ధైర్యముతో పోరాడవలెనన్న మొదట దాని కడుపు నిండవలెనను సత్యమును అతడు అచటనే నేర్చెను. అవసరమైనప్పుడు తుపాకులనడుమకు దూకి పోరాడెను. అయినను ఆ యుద్ధము ఒక బలవంతపు రాజ్యము బలహీనపు రాజ్యముపై అన్యాయముగ సాగించినదని ఆయన పిమ్మట తన గ్రంథమున నిర్భయముగ వ్రాసెను. బానిసలను ఉంచుకొను రాష్ట్రములను పెంచుకొనవలెనను దురాశయే దానికి మూలమనియు, తన దేశమున పిదప జరిగిన అంతర్యుద్ధము ఆ పాపమునకు ఫలమనియు ఆయన నమ్మెను.

1848లో గ్రాంటు సెయింట్ లూయీ నగర ప్రాంతపు జూలియా డెంటు అను కన్యను వివాహమాడెను. ఆమె తండ్రి బానిసలను ఉంచుకొన్న భూస్వామి. అందుచేత గ్రాంటు తలిదండ్రులు వివాహమునకు రాలేదు. దంపతుల అనురాగము మాత్రము కడదాక చెక్కుచెదరలేదు. 1852లో సైన్యము ఇతనిని పసిఫిక్ సముద్రతీరమునకు పంపెను. దారిలో పనామా భూసంధియొద్ద కలరా సోకి అనేకులు మరణించిరి. భార్యాబిడ్డలను వెంటగొనిపోవుటకు జీతము చాలదు. ఒంటరితనము, విసుగు, దిగులు పైకొనగా ఇతడు మద్యమునకు చోటిచ్చెను. కొంచెము పుచ్చుకొన్నను తల తిరుగు శరీరతత్త్వ మగుటచే అపవాదు శీఘ్రముగ వ్యాపించెను. 1854లో ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చి, చేత పైకము లేక ఇల్లు చేరెను. ఆ ప్రయాణమున న్యూయార్కు నగరమునందు హోటలు బాకీకి దిక్కులేక చిక్కుపడగా, సైమన్ బక్నరు అను పూర్వ సహాధ్యాయి ఆదుకొనెను. ఈ పేరును చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక.

తరువాతి ఏడేండ్లును దారిద్ర్యముతోడి పోరాటమే. మామగారి పొలమున సేద్యముచేసెను. స్వహస్తములతో దుంగలు నరికి ఇల్లు కట్టుకొనెను. సెయింట్ లూయీ వీథులలో బండిమీద కట్టెలు తెచ్చి అమ్మెను. 1857 డిసెంబరులో పండుగనాటి ఖర్చులకై బంగారు గడియారమును 22 డాలరులకు కుదువబెట్టెను. ఇట్టి దినములలోనే ఆయన చేసిన యొక కార్యమును మేము విశేషముగ గణింతుము. మామగారివలన సంక్రమించిన విలియం జోన్సు అను బానిస యొకడు ఆయన స్వాధీనమున నుండెను. అతనిని అమ్మినచో వందలకొలది డాలరులు వచ్చియుండును, అప్పులు తీరియుండును. గ్రాంటు 1859 మార్చి 29వ తేదీన న్యాయస్థానమునకు పోయి, ఒక్క డాలరైనను పుచ్చుకొనక, అతనికి విముక్తిపత్రము వ్రాసి ఇచ్చెను. ఆయన భార్య మాత్రము తండ్రియింటి బానిసల సేవను ఇంకను కొంతకాలము పొందుచునే యుండెను. మనుష్యుడు తాను పుట్టిన, మెట్టిన సంఘపు దురాచారమునుండి ఒక్కమారుగ బయటపడలేడని దీనివలన తెలియుచున్నది. అయినను ధనము మిక్కిలి అవసరమైన సమయమున దానిని త్యజించి ధర్మమును చేపట్టుట సామాన్యము కాదు.

1860లో గతిలేక, గాలీనా పట్టణమందలి తండ్రిగారి తోళ్ల దుకాణమున, తమ్ముల చేతిక్రింద పనికి కుదిరెను. వయస్సు ముప్పదియెనిమిది. లోకము దృష్టిలో అతడు చెడిపోయినవాడు. ఆ సంవత్సరమే లింకను అధ్యక్షుడుగ ఎన్నుకొనబడెను. బానిసత్వమునకు చేటు మూడునని తలచి దక్షిణపు రాష్ట్రములు పదునొకండు క్రమక్రమముగ సంయుక్త రాజ్యమునుండి విడిపోయెను. నాడు ఆ దేశమున ఇంచుమించు 40 లక్షలమంది బానిసలుండిరి. 1861 ఏప్రిల్ నెలలో యుద్ధము ఆరంభమయ్యెను. యుద్ధవిద్య నెఱిగినవారు కొఱతపడగా, జూన్ నెలలో గ్రాంటు ఒక దండునకు కర్నలు అయ్యెను.

1862 ఫిబ్రవరిలో ఆయన టెనెసీ రాష్ట్రమందలి హెన్రీ, డొనెల్సన్ అను రెండు దుర్గములను పట్టెను. డొనెల్సన్ దుర్గమును అప్పగించిన శత్రుసేనాని ఆ పూర్వమిత్రుడగు బక్నరే. ఎట్టి షరతులును లేక లొంగవలసినదని గ్రాంటు పట్టుబట్టెను. లొంగిన వెంటనే, తన ధనమును వాడుకొనవలసినదని పాతస్నేహితునకు ఏకాంతమున తెలిపెను. రాజ్యకార్యమున కాఠిన్యము, వ్యక్తిపట్ల స్నేహము—ఈ రెండును ఆయనయందు ఒకదానికొకటి అడ్డురాలేదు. ఏప్రిల్ 6, 7 తేదీలలో షైలో యొద్ద జరిగిన ఘోరయుద్ధమున ఇరుపక్షములవారిలో కలిసి 23 వేలకు పైబడి చనిపోవుటయో, గాయపడుటయో, చిక్కుటయో తటస్థించెను. మొదటినాటి ఓటమిని రెండవనాడు గ్రాంటు విజయముగ మార్చెను. ఏమరుపాటున నున్నాడనియు, త్రాగియున్నాడనియు పత్రికలు నిందించెను. గాలీనానుండి వచ్చిన రాలిన్సు అను మిత్రుడు ఆయనను మద్యమునకు దూరముగ నుంచుట తన వ్రతముగ చేసికొనెను. స్నేహితుని కావలిని కోపింపక అంగీకరించుటయు ఒక బలమే యని మాకు తోచుచున్నది.

ఆయన తప్పులను దాచుట మాకు సమ్మతము కాదు. 1862 డిసెంబరు 17వ తేదీన, కొందఱు వర్తకుల దొంగవ్యాపారమునకు కోపించి, తన అధికారమునకు లోబడిన ప్రాంతమునుండి యూదులందఱును వెడలిపోవలసినదని ఉత్తరువు చేసెను. కొందఱి నేరమునకు ఒక జాతినంతను దండించుట ఘోరమైన అన్యాయము. లింకను ఆ ఉత్తరువును 1863 జనవరిలో రద్దుచేయించెను. గ్రాంటు ఆ పనికి పిదప సిగ్గుపడెను. అధ్యక్షుడైనప్పుడు యూదులను పెక్కు ఉద్యోగములలో నియమించెను.

1863 జూలై 4వ తేదీన మిసిసిపీ నదీతీరమందలి విక్స్‌బర్గు కోట లొంగెను. ఇంచుమించు 30 వేలమంది సైనికులు చిక్కిరి. వారిని చెఱబెట్టక, మరల ఆయుధము పట్టబోమని మాట పుచ్చుకొని విడిచిపుచ్చెను. 1864 మార్చిలో లింకను ఆయనను సర్వసేనాధిపతిగ చేసెను. ఆ వేసవిలో వర్జీనియా అరణ్యములలో రాబర్ట్ లీ సేనతో జరిగిన పోరాటములయందు, ఆరు వారములలో గ్రాంటు పక్షమున 50 వేలకు పైబడిన జననష్టము కలిగెను. జూన్ 3వ తేదీన కోల్డ్ హార్బరు యొద్ద చేసిన ముట్టడి వ్యర్థమైనదని ఆయన తుదివరకు పశ్చాత్తాపపడెను. ఆ సంవత్సరమే మఱియొక పరీక్ష తటస్థించెను. ఖైదీలను మార్చుకొందమని లీ కోరెను. ఉత్తరపు సేనలో చేరిన నల్లవారిని తెల్లవారితో సమముగ మార్చెదరా యని గ్రాంటు ప్రశ్నించెను. పూర్వము బానిసలైనవారిని ఇయ్యమని లీ బదులు చెప్పగా, గ్రాంటు ఒప్పందమునకు సమ్మతింపలేదు. ఆ యుద్ధమున సుమారు 1,80,000 మంది నల్లవారు సంయుక్త రాజ్యమునకై సైనికులైరి. వారి దేహములపై నున్న సైనికవస్త్రమునకు తెల్లవాని వస్త్రమున కున్న విలువయే కలదని సేనాధిపతి నిలిచి చెప్పెను.

1865 ఏప్రిల్ 9వ తేదీన ఆపమాటక్స్ గ్రామమున ఒక గృహస్థుని ఇంటి హాలులో లీ లొంగిపోయెను. లీ క్రొత్త దుస్తులు ధరించి ఖడ్గముతో వచ్చెను. గ్రాంటు బురదపడిన చెప్పుజోళ్లతో, సామాన్య సైనికుని చొక్కాతో వచ్చెను. ఆయన వ్రాసిన షరతులు కొద్దిపాటివి. సైనికులు తుపాకులు విడిచి, మరల పోరాడమని మాటయిచ్చి ఇండ్లకు పోవచ్చును. అధికారులు తమ కత్తులను, గుఱ్ఱములను ఉంచుకొనవచ్చును. సామాన్యులును తమ స్వంత గుఱ్ఱములను వసంతకాలపు దుక్కికై తీసికొనిపోవచ్చును. ఆకలిగొన్న శత్రుసేనకు 25 వేలమందికి సరిపడు ఆహారమును పంపుటకు ఏర్పాటుచేసెను. తనవారు సంతోషముతో ఫిరంగులు పేల్చగా మాన్పించెను. నిన్నటి శత్రువులు నేడు స్వదేశస్థులైరి గనుక వారి పతనమునకు ఉత్సవము తగదని ఆయన భావము. షరతుల శుద్ధప్రతిని వ్రాసినవాడు సెనెకా జాతికి చెందిన ఈలీ పార్కరు అను ఆదిమవాసి అధికారి. కొలది దినములకే లింకను హంతకుని గుండుకు కూలెను. క్రొత్త అధ్యక్షుడు లీపై రాజద్రోహపు అభియోగమును నడిపింపజూడగా, తానిచ్చిన మాట తప్పినచో సైన్యాధిపత్యమును విడిచెదనని గ్రాంటు బెదరించెను. ఆ అభియోగము ఆగిపోయెను.

ఇంతవరకు చెప్పిన క్షమాగుణమును లోకమెఱుగును. ఇక ఆయన చరిత్రములో మఱుగుపడిన భాగమునకు వత్తము.

బానిసత్వము చట్టముచేత పోయెను. ప్రభువుల మనస్సులనుండి పోలేదు. దక్షిణమున ముసుగులు వేసికొన్న కూక్లక్స్ క్లాను అను రహస్యముఠా పుట్టి, ఓటు వేయజూచిన నల్లవారిని కొరడాలతో కొట్టుచు, ఇండ్లు తగులబెట్టుచు, చంపుచు సంచరించెను. 1868లో గ్రాంటు అధ్యక్షుడుగ ఎన్నుకొనబడెను. 1870 ఫిబ్రవరిలో, జాతినిబట్టిగాని పూర్వపు దాస్యమునుబట్టిగాని ఎవ్వరికిని ఓటుహక్కును నిరాకరింపరాదను 15వ రాజ్యాంగ సవరణ ఆమోదము పొందెను. ఆ యేటనే న్యాయశాఖ నెలకొల్పబడెను. 1871 ఏప్రిల్ నెలలో ఆయన కోరికపై కాంగ్రెసు సభ క్లానును అణచు శాసనమును చేసెను. అక్టోబరులో దక్షిణ కరోలినాయందలి తొమ్మిది జిల్లాలలో హేబియస్ కార్పస్ హక్కును నిలిపి, సైన్యమును పంపి, వందలకొలది దుర్మార్గులను పట్టించెను. ఏకర్మన్ అను న్యాయశాఖామంత్రి వారిని పట్టుదలతో విచారణకు ఈడ్చెను. 1872 నాటికి ఆ ముఠా వెన్ను విఱిగెను. పూర్వపు బానిసలు ఓటు వేసిరి; శాసనసభలలో కూర్చుండిరి; కాంగ్రెసు సభకును ఎన్నికైరి.

కాని శాసనమును కాపాడునది ప్రజల దీక్ష. అది సడలెను. 1873లో ఆర్థికవిపత్తు సంభవించి ఉత్తరపు ప్రజలకు తమ కష్టములే పెద్దవాయెను. ఆ యేడు ఏప్రిల్ 13వ తేదీన లూయీసియానాయందలి కోల్‌ఫాక్సు అను ఊర నల్లవారు పదులకొలది చంపబడిరి. వారిలో అనేకులు లొంగినవారే. శిక్షపడినది ముగ్గురికి. 1876లో అత్యున్నత న్యాయస్థానము ఆ శిక్షలనుగూడ కొట్టివేసెను. 1874 ఎన్నికలలో గ్రాంటు పక్షము ప్రతినిధి సభలో ఓడిపోయెను. 1875లో మిసిసిపీ గవర్నరు ఏమ్సు, హత్యలనడుమ ఎన్నికలు సాగజాలవు, సైన్యమును పంపుడని వేడుకొనెను. అప్పుడు ఒహైయో రాష్ట్రపు ఎన్నికలు సమీపించియుండెను. దక్షిణమునకు మరల దండు పంపినచో ఉత్తరపు ఓటర్లు చేజారుదురని పక్షమువారు భయపడిరి. దండు పోలేదు. భయపడిన నల్లవారు ఓటుపెట్టెలకు దూరమైరి. యుద్ధభూమిలో వెనుదిరుగని సేనాని ఈ ఒక్కచోట వెనుదిరిగెను. ఆయన వెనుక నిలువవలసిన దేశము అప్పటికే వెనుదిరిగియుండెను.

ఆయన పాలనయందు వేఱు మచ్చలును గలవు. స్నేహితులను నమ్మి మోసపోవుట ఆయన స్వభావమున నున్న లోపము. సారా సుంకమును అపహరించిన ముఠాతో ఆయన ఆంతరంగిక కార్యదర్శికి సంబంధమున్నదను అభియోగము వచ్చెను. యుద్ధశాఖామంత్రి లంచముల వ్యవహారమున 1876లో రాజీనామా ఇచ్చెను. ఆదిమవాసులతో శాంతియుతముగ మెలగవలెనని ఆయన సంకల్పించి, ఈలీ పార్కరునే ఆ శాఖకు అధిపతిగ నియమించెను. అయినను నల్లకొండలలో బంగారము కానవచ్చినంతనే, 1868 నాటి సంధిని కాలదన్ని లకోటాజాతివారిపై యుద్ధము సాగినది ఆయన కాలముననే. 1876 డిసెంబరులో కాంగ్రెసు సభకు పంపిన కడపటి సందేశమున తన పాలనలో పొరపాట్లు జరిగినవని ఒప్పుకొనెను. పదవి విడుచువారిలో అట్లు ఒప్పుకొనువారు ఎందఱు?

1877లో అధికారము విడిచి ఆయన సతీసమేతముగ భూప్రదక్షిణమునకు బయలుదేఱెను. 1879 ఫిబ్రవరిలో మన దేశమున బొంబాయిరేవున దిగి, ఆగ్రా, జైపూరు, ఢిల్లీ, లక్నో, కాశి మొదలగు నగరములను దర్శించి, కలకత్తానుండి తూర్పుదేశములకు తరలెను. తిరిగివచ్చిన పిమ్మట న్యూయార్కు నగరమున ఫెర్డినాండ్ వార్డు అను యువకుని నమ్మి వ్యాపారమున ధనమునంతయు పెట్టెను. 1884 మే నెలలో వార్డు మోసము బయటపడి, గ్రాంటు ఒక్కనాటిలో నిరుపేద యయ్యెను. వాండర్‌బిల్టు అను ధనికునివద్ద తెచ్చిన 1,50,000 డాలరుల అప్పునకై తన ఖడ్గములను, దేశదేశములవారు ఇచ్చిన కానుకలను సైతము వ్రాసి ఇచ్చివేసెను. ఆ యేడే గొంతున పుండు లేచెను. అది కాన్సరు వ్యాధి. డొనెల్సన్ విజయమునాటినుండి అభిమానులు పంపిన చుట్టలు ఆయన వ్యసనమును ముదిరించియుండెను.

భార్యకు గ్రాసమెట్లని ఆయన చింతించి, మృత్యుముఖమున నుండియే తన యుద్ధచరిత్రమును వ్రాయనారంభించెను. ప్రకటించుటకు మార్క్ ట్వేన్ అను సుప్రసిద్ధ రచయిత పూనుకొనెను. మాటపోయినప్పుడు కాగితపు ముక్కలపై వ్రాసి చూపుచు, నొప్పితో నిద్రలేక, శాలువలు కప్పుకొని వ్రాసెను. మౌంట్ మక్‌గ్రెగర్ కొండమీది కుటీరమునకు బక్నరు వచ్చి ఆయనను కడసారి చూచిపోయెను. గ్రంథము ముగిసిన కొలది దినములకు, 1885 జూలై 23వ తేదీన, గ్రాంటు కాలధర్మము నొందెను. ఆ గ్రంథమువలన జూలియాకు 4 లక్షల డాలరులకు పైగా లభించెను. ఆగస్టు 8వ తేదీన జరిగిన అంత్యయాత్రలో ఉత్తరసేనానులగు షెర్మన్, షెరిడన్‌లతోబాటు దక్షిణసేనానులగు జాన్‌స్టన్, బక్నరులును శవవాహకులుగ నడిచిరి. శత్రువులు మిత్రులైరని దేశము కన్నీరు విడిచెను.

ఆ దృశ్యము సుందరమే. కాని అదే సమయమున, ఎవరి విముక్తికై అంత రక్తము ప్రవహించెనో ఆ నల్లవారు దక్షిణమున ఓటును, న్యాయమును, కొన్నిచోట్ల ప్రాణమును కోల్పోవుచుండిరి. తెల్లవారు ఇరువురును కౌగిలించుకొనిరి. ఆ కౌగిలికి మూల్యము చెల్లించినది మూడవవాడు. 1870 నాటి సవరణ పుస్తకములలో నిలిచియే యుండెను. దానికి ప్రాణము మరల వచ్చినది 1965లో, ఓటుహక్కు చట్టము వెలువడిన పిమ్మట. నడుమ తొంబదియైదేండ్లు గడచెను; మూడు నాలుగు తరముల మనుష్యులు ఆ నడుమ పుట్టి గిట్టిరి.

చదువరులారా, గ్రాంటు కీర్తి ఆయన క్షమయందున్నదని పలువురు చెప్పుదురు. మేము దానిని కాదనము. జయించిన చేతితో అన్నము పెట్టుట మహాత్ముల లక్షణము. అయినను 1871లో దిక్కులేనివారి గుమ్మముముందు దండును నిలిపిన గ్రాంటు మాకు అంతకంటెను పూజ్యుడు. అన్యాయము చేసినవానిని క్షమించువారు, అన్యాయము పొందినవానికి కావలియుండు భారమునుగూడ వహింపవలెను; లేనిచో ఆ క్షమ పరుల సొమ్ముతో చేసిన దానము. సభలలో తీర్మానములు చేయువారమును, చట్టములు రాగానే కార్యము ముగిసెనని ఇంటికి పోవువారమును ఇది తలపోయదగును. చట్టము వచ్చిన దినము ఆరంభదినమే. వితంతువైనను, అంటరానివాడని త్రోయబడినవాడైనను, ఆ చట్టమును నమ్మి గడపదాటి ముందుకు వచ్చిన దుర్బలుని ప్రక్కన మరునాడును, మరుసటి యేడును నిలిచియుండువా రెవ్వరు? ఈ ప్రశ్నకు గ్రాంటు దేశము నాడు సరియైన బదులు చెప్పలేకపోయెను. మనము చెప్పవలసియున్నది.